మూడు గంటలకి నాలుగే ఘంటసాల పాటలు

డిసెంబరు 4 ఘంటసాల జయంతి. ఆ రోజు అమెరికా నుంచి నడిచే ఒక తెలుగు ఇంటర్నెట్ రేడియో వాళ్ళు పొద్దున్నే మూడు గంటల పాటు ఆయన పాటలే వేద్దామనుకున్నారనుకోండి. చట్టం ఒప్పుకోదు. ఏ మూడు గంటలు తీసుకున్నా ఒకే గాయకుడి పాటలు నాలుగుకి మించకూడదు. అందులోనూ వరసగా మూడు దాటకూడదు. ఒకే ఆల్బంలోవి అయితే మొత్తం మూడు, వరసగా రెండే. అంటే ఘంటసాలని పక్కన పెట్టి "మాయాబజార్" పాటలన్నీ ఒక్క ఊపులో వినిపిద్దామన్నా కుదరదు. పోనీ ఫలానా పాట ఫలానా టైముకి వేస్తున్నాం, అందరూ వినండి అని ముందుగా చాటింపు వేసుకుందామా అంటే, అదీ నిషిద్ధమే.

అదే ఊళ్ళో ఏ ఏఎం స్టేషన్లోనో డబ్బు కట్టి ఆదివారం స్లాటు కొనుక్కుని గాలిలో ప్రసారం చేస్తే మాత్రం ఈ గొడవ ఏదీ లేదు. పొద్దుగూకే దాకా ఘంటసాలనే వేసుకోవచ్చు.

ఈ షరతులు 1998లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టంలోవి. రికార్డు కంపెనీలని విడివిడిగా అడగకుండా, నిర్ణయించిన రుసుము కట్టి ఎవరి పాటైనా ఇంటర్నెట్లో ప్రసారం చేసుకునే లైసెన్సుకి ఇవి నిబంధనలు. కంపెనీ దగ్గరికి స్వయంగా వెళ్ళి, ఒప్పందం రాసుకుని, ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటే ఇవి వర్తించవు. కానీ నలుగురు మిత్రులు ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో నడుపుకునే రేడియోకి, అరవై ఏళ్ళ కిందటి రికార్డుకి ఇవాళ హక్కుదారు ఎవరో కనుక్కోవడమే ఒక పరిశోధన.

ఇంతకీ ఈ లెక్క ఎందుకు పెట్టారంటే, రికార్డు కంపెనీలకి ఒక భయం ఉండేది. ఏ పాట ఎప్పుడొస్తుందో శ్రోతకి ముందే తెలిస్తే, కంప్యూటర్లో చక్కగా రికార్డు చేసుకుంటాడు, ఇక సీడీ ఎందుకు కొంటాడు అని. భయంలో కొంత న్యాయం ఉంది. కానీ కొలత తీసుకున్నది అమెరికన్ సంగీతానికి. అక్కడ ప్రతి బృందానికీ ఒక గొంతు ఉంటుంది, వాళ్ళ ఆల్బంలో పది పన్నెండు పాటలుంటాయి. మన సినిమా సంగీతం అలాంటిది కాదు. ఎనభైల నాటి తెలుగు పాటలు వేసే స్టేషను సంగతి ఆలోచించండి. గంటకి పన్నెండు పాటల చొప్పున మూడు గంటలకి ముప్ఫై ఆరు పాటలు కావాలి. అందులో బాలుగారివి నాలుగే ఉండాలంటే మిగతా ముప్ఫై రెండూ ఎవరివి వేస్తాం? ఆ దశాబ్దంలో తెర మీద హీరో నోరు విప్పితే వినపడింది చాలావరకు ఆయన గొంతే కదా!

శ్రోతలు కోరిన పాటల సంగతి ఇంకా విచిత్రం. వివిధ భారతి "జనరంజని"కి కార్డు రాసి, మన పేరు ఎప్పుడు చదువుతారా అని రేడియోకి చెవి ఆనించి కూర్చున్న తరం మనది. ఇక్కడి చట్టం ప్రకారం కోరిన గంటలోపల కానీ, కోరినవాళ్ళు చెప్పిన టైముకి కానీ పాటలు వేయడమే స్టేషను ప్రధాన వ్యాపకమైతే, అది రేడియో కిందకి రాదు. కోరినప్పుడు కోరిన పాట అందించే సేవ కిందకి వస్తుంది. అప్పుడు ఈ లైసెన్సు పనికిరాదు. మా అమ్మాయి పుట్టినరోజు, సాయంత్రం ఏడింటికి ఈ పాట వేయండి అని ఫోన్లు తీసుకుని దాని మీదే రోజంతా నడిపే స్టేషను చిక్కుల్లో పడుతుందన్నమాట.

అసలు బేరం ఏమిటి?

కాపీరైటు అనగానే మనవాళ్ళలో రెండు రకాల అభిప్రాయాలు వినపడతాయి. మన పాటలు మనం వినడానికి ఎవడికో డబ్బులేమిటి అన్నది ఒకటి. రాసినవాడి సొత్తు ఇల్లూ పొలం లాగా తరతరాలూ వాడిదే అన్నది రెండోది. చట్టం పుట్టినప్పటి ఉద్దేశం ఈ రెండూ కాదు.

1710లో బ్రిటన్‌లో ఆన్ రాణి కాలంలో వచ్చిన చట్టాన్ని మొట్టమొదటి కాపీరైటు చట్టంగా చెబుతారు. అంతకుముందు పుస్తకం మీద హక్కు రచయితది కాదు, లండన్ ముద్రాపకుల సంఘానిది. కొత్త చట్టం హక్కుని రచయితకి ఇచ్చింది, దానికి గడువు కూడా పెట్టింది. 14 ఏళ్ళు, అప్పటికి రచయిత బతికుంటే ఇంకో 14. విద్యావ్యాప్తిని ప్రోత్సహించడమే ధ్యేయమని పేరులోనే చెప్పుకున్నారు. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో సెక్షను కూడా అదే ధోరణిలో నడుస్తుంది. విజ్ఞానమూ ఉపయోగపడే కళలూ ముందుకు సాగడం కోసం, పరిమిత కాలం పాటు, రచయితలకి హక్కు ఇవ్వచ్చంటుంది. 1790లో చేసిన చట్టంలో గడువు అదే 14, మరో 14.

కాబట్టి ఇది ఒక బేరం. నువ్వు రాయి, కొన్నాళ్ళు దాని మీద రాబడి నీది, ఆ తర్వాత అది అందరిదీ. బేరంలో రెండో పక్షం జనం. ఆ రెండో పక్షాన్ని రాను రాను మరిచిపోయారన్నది నా ఫిర్యాదు. 1831లో మొదటి గడువు 28 అయింది, పొడిగింపు 14. 1909లో 28కి మరో 28. 1976 చట్టంతో రచయిత జీవితకాలం, ఆ పైన 50 ఏళ్ళు. 1998లో ఇంకో 20 కలిపి 70 చేశారు. కంపెనీల పేరు మీద ఉన్నవాటికి 95. ఈ పొడిగింపుకి అదే ఏడాది చనిపోయిన గాయకుడు, కాంగ్రెస్ సభ్యుడు సోనీ బోనో పేరు పెట్టారు. అప్పటికే రాసేసిన పుస్తకాలకి కూడా గడువు పెంచడం రాజ్యాంగానికి విరుద్ధమని కొందరు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2003లో ఏడుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలబడి పొడిగింపు చెల్లుతుందని తీర్పిచ్చారు. చనిపోయినవాళ్ళని ఎంత ప్రోత్సహించినా కొత్త పాట రాయరు కదా అన్న మామూలు సందేహం నాకు ఇప్పటికీ తీరలేదు.

మన చదువుల మీద 1835లో నివేదిక రాసి మనకి బాగా గుర్తుండిపోయిన మెకాలే, 1841లో బ్రిటిష్ పార్లమెంటులో దీని మీదా మాట్లాడాడు. రచయితలకి బహుమానం ఇవ్వడం కోసం పాఠకుల మీద వేసే పన్ను ఇది, అవసరమైనదే, అయినా అవసరానికి మించి ఒక్కరోజు కూడా ఉండకూడదని ఆయన వాదన సారాంశం. అప్పుడు సభ ముందున్న ప్రతిపాదన రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు. అది వీగిపోయింది. విచిత్రమేమిటంటే ఇవాళ భారతదేశంలో ఉన్న గడువు సరిగ్గా అదే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలు 50 ఏళ్ళ గడువు తీరి అందరివీ కాబోతున్న సమయంలో, 1992లో దాన్ని 60కి పెంచారు.

ఒక పాట, మూడు ఆస్తులు

రేడియో గొడవ అర్థం కావాలంటే ఒక సంగతి ముందు తేల్చుకోవాలి. పాట అని మనం ఒక్క మాటలో అంటాం గానీ చట్టం కళ్ళకి అది మూడు ముక్కలు. సాహిత్యం, వరస, ఈ రెండూ కలిసి ఒకానొక రోజు థియేటర్లో గొంతూ వాద్యాలతో రికార్డయిన శబ్దం. మూడింటికీ హక్కుదారులు వేరు కావచ్చు, గడువులూ వేరే.

2017 మార్చిలో బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు వకీలు నుంచి నోటీసు రావడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదని. ఆ సంగతి బాలుగారే ఫేస్‌బుక్‌లో రాశారు. మిగతా కచేరీల్లో ఆ పాటలు పాడబోమనీ చెప్పారు. ఆయన పాడిన పాట ఆయన పాడకూడదా అని టిక్కెట్లు కొన్నవాళ్ళందరూ నొచ్చుకున్నారు. ఇద్దరూ 2019లో మళ్ళీ ఒకే వేదిక మీదకి వచ్చారు, అది వేరే కథ. మనసుకి కష్టమైన సంగతే అయినా అందులో చట్టపరమైన ప్రశ్న మాత్రం సరైనదే. గాయకుడు గొంతునిచ్చాడు, వరస ఇంకొకరిది.

వరసకి డబ్బు కట్టాలన్న మాట అమెరికాలో 1917లోనే తేలిపోయింది. విక్టర్ హెర్బర్ట్ అనే స్వరకర్త న్యూయార్క్‌లో ఒక రెస్టారెంటు మీద కేసు వేశాడు. మేము పాటకి టిక్కెట్టు పెట్టలేదు, భోజనానికే డబ్బు తీసుకుంటున్నాం అని వాళ్ళ వాదన. పాట వల్ల లాభం లేకపోతే ఎందుకు పెట్టావు, తీసేయి అన్నట్టు తీర్పు రాశాడు జస్టిస్ హోమ్స్. (మన ఊళ్ళ దోసె హోటళ్ళన్నిటికీ ఈ తీర్పు వర్తిస్తుందని ఇక్కడ చిన్నగా గుర్తు చేస్తున్నాను.) 1914లో పుట్టిన ఆస్కాప్, 1939లో పుట్టిన బి.ఎం.ఐ. లాంటి సంఘాలు రచయితల తరఫున, స్వరకర్తల తరఫున ఆ డబ్బు వసూలు చేసి పంచుతాయి. రేడియో స్టేషన్లూ కడతాయి.

రికార్డయిన శబ్దం సంగతి వేరు. అమెరికాలో 1972 ఫిబ్రవరి 15కి ముందు రికార్డయినవాటికి కేంద్ర చట్టంలో కాపీరైటే ఉండేది కాదు. ఆ తర్వాతివాటికి ఇచ్చినా, కాపీ తీసి అమ్మడం మీద ఇచ్చారు గానీ ప్రసారం మీద ఇవ్వలేదు. "రెస్పెక్ట్" అన్న పాటని లోకానికి వినిపించింది అరెతా ఫ్రాంక్లిన్. రాసింది ఓటిస్ రెడ్డింగ్. అమెరికన్ ఎఫ్.ఎం.లో ఆ పాట వచ్చిన ప్రతిసారీ రాసినవాడి వైపు డబ్బు వెళ్తుంది, పాడినామెకి దమ్మిడీ రాదు. రేడియోలో వేస్తే రికార్డులు అమ్ముడవుతాయి, మీకు మేము ఉచితంగా ప్రచారం చేస్తున్నాం అన్నది స్టేషన్ల వాదన. ఆ ప్రచారం కోసం కంపెనీలే రేడియో వాళ్ళకి చాటుగా డబ్బులివ్వడం, 1959-60ల్లో అదో పెద్ద కుంభకోణం కావడం చూస్తే ఆ వాదన మరీ వట్టిది కాదనిపిస్తుంది.

సెంటులో పదో వంతు కన్నా తక్కువే

1995లో, తర్వాత 1998లో కాంగ్రెస్ చేసిన పని ఇది. ఎఫ్.ఎం.ని అలాగే వదిలేసి డిజిటల్ ప్రసారానికి మాత్రం రికార్డు హక్కుదారులకీ, గాయకులకీ డబ్బు కట్టాలంది. ఇందులో మంచి లేకపోలేదు. ఆ డబ్బు పంపిణీ చేసే సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ సంస్థ సగం రికార్డు యజమానికి, 45 శాతం ప్రధాన గాయకుడికి, 5 శాతం వెనక పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ చేర్చాలి. గాయకుడి వాటా కంపెనీ చేతుల మీదుగా కాక నేరుగా అతనికే వెళ్తుంది. కాల్‌షీట్ లెక్కన ఒక్కసారి డబ్బు తీసుకుని ఇంటికెళ్ళిపోయిన వయొలిన్ కళాకారులు, కోరస్ గాయనులు ఎందరో ఉన్న మద్రాసు సంగీత పరిశ్రమ నుంచి చూస్తే ఇదెంత గొప్ప ఏర్పాటో తెలుస్తుంది.

చిక్కంతా ధర దగ్గర వచ్చింది. 2002 ఫిబ్రవరిలో మధ్యవర్తుల మండలి ఒక ధర సిఫార్సు చేసింది. ఇంటర్నెట్‌కే పరిమితమైన స్టేషన్లకి పాటకి, శ్రోతకి 0.14 సెంట్లు. ఆ ఏడాది జూన్‌లో లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని సగం చేసి 0.07 సెంట్లుగా ఖరారు చేశారు. సెంటులో పదో వంతు కూడా లేదు, దీనికింత గోలా అనిపిస్తుంది. కానీ "పాటకి, శ్రోతకి" అన్న మాట చూడండి. సర్వర్ల లాగ్ ఫైళ్ళు చదవడం నా వృత్తిలో భాగం కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

సగటున వందమంది ఇరవైనాలుగ్గంటలూ వినే స్టేషను అనుకుందాం. గంటకి పన్నెండు పాటలు. రోజుకి 28,800 ప్రదర్శనలు లెక్కలోకి వస్తాయి. 0.07 సెంట్ల చొప్పున రోజుకి 20 డాలర్ల 16 సెంట్లు, ఏడాదికి 7,358 డాలర్లు. ఇది రికార్డు హక్కుకి మాత్రమే. ఆస్కాప్ వగైరాలకి కట్టేది, సర్వరు ఖర్చు, బ్యాండ్‌విడ్త్ వేరే. కిరాణా కొట్టువాళ్ళవీ, ఇళ్ళ ఏజెంట్లవీ నాలుగు ప్రకటనలు తప్ప రాబడి లేని భాషా రేడియోకి అది చిన్న మొత్తం కాదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఎఫ్.ఎం. టవరు కింద పదిమంది విన్నా పదిలక్షల మంది విన్నా టవరుకి కరెంటు ఖర్చు ఒకటే. ఇంటర్నెట్ రేడియోలో ప్రతి శ్రోతకీ సర్వరు విడిగా ఒక ధార పంపాలి. 64 కిలోబిట్ల నాణ్యతతో వందమందికి పంపితే 6.4 మెగాబిట్లు. కాబట్టి శ్రోత పెరిగినకొద్దీ ఇటు బ్యాండ్‌విడ్త్ ఖర్చూ పెరుగుతుంది, అటు రాయల్టీ కూడా పెరుగుతుంది. జనాదరణ పెరగడమే దివాళాకి దారి తీసే వ్యాపారం ఇంకెక్కడా నేను చూడలేదు.

ఆ ధర ఎలా తేల్చారో కూడా చెప్పుకోవాలి. ఇష్టపూర్వకంగా కొనేవాడు, ఇష్టపూర్వకంగా అమ్మేవాడు బజారులో ఏ ధరకి ఒప్పుకుంటారో అదే ధర కావాలని చట్టం. దానికి నమూనాగా మధ్యవర్తులు ప్రధానంగా తీసుకున్నది రికార్డు కంపెనీల సంఘం యాహూతో చేసుకున్న ఒప్పందాన్ని. యాహూ 1999లో కొన్న బ్రాడ్‌కాస్ట్ డాట్ కామ్ స్థాపకుడు మార్క్ క్యూబన్ 2002లో బహిరంగంగానే ఒక మాట చెప్పాడు. రాబడిలో శాతం అయితే రాబడి లేని చిన్నవాళ్ళు కూడా నెగ్గుకొస్తారు, అందుకే పాటకింత అన్న పద్ధతి పెద్ద కంపెనీకి అనుకూలం అని. పెద్ద చేప రాయించుకున్న ధర చిన్న చేపల మీద పడిందన్నమాట.

అరుపులు వినపడ్డాక కాంగ్రెస్ ఒక చిన్న సర్దుబాటు చేసింది. చిన్న ప్రసారకులు రాబడిలో మొదటి రెండున్నర లక్షల డాలర్ల మీద 10 శాతం, ఆ పైన 12 శాతం, లేదా ఖర్చులో 7 శాతం, ఏది ఎక్కువైతే అది కట్టే వీలు కలిగింది. ఆ చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టింది 2002 డిసెంబరు 4న. ఘంటసాలకి సరిగ్గా ఎనభై ఏళ్ళు నిండే రోజు!

అది తాత్కాలికమే. 2007 మార్చి 2న కొత్తగా ఏర్పడిన కాపీరైట్ రాయల్టీ బోర్డు 2006 నుంచి వెనక తేదీతో ధరలు ప్రకటించింది. 2006కి 0.08 సెంట్లు, 2007కి 0.11, అలా పెరుగుతూ 2010కి 0.19. మన వందమంది శ్రోతల స్టేషనుకి 2010 ధరతో ఏడాదికి 19,973 డాలర్లు. పైగా ఛానెల్ ఒక్కింటికి కనీసం 500 డాలర్లు. అదే ఏడాది ఉపగ్రహ రేడియోకి అదే బోర్డు నిర్ణయించింది రాబడిలో 6 శాతం. ఎఫ్.ఎం.కి సున్నా. ఒకే పాట, ఒకే గొంతు. అది గాలిలో వచ్చిందా, ఆకాశం నుంచి వచ్చిందా, తీగలోంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి ధర. ఉపగ్రహానికీ ఇంటర్నెట్‌కీ ధర కట్టే సూత్రాలు చట్టంలోనే వేరువేరుగా ఉండేవి. 2018లో గానీ ఆ తేడా సరిచేయలేదు.

2007 జూన్ 26న పెద్దా చిన్నా ఇంటర్నెట్ స్టేషన్లు చాలావరకు ఒక రోజంతా పాటలు ఆపేసి మౌనం పాటించాయి. జే ఇన్స్లీ ప్రవేశపెట్టిన సమానత్వ బిల్లు నెగ్గలేదు గానీ, 2008, 2009ల్లో వచ్చిన సర్దుబాటు చట్టాల పుణ్యమా అని పాండోరా లాంటివి బతికాయి. 2015 ఆఖరుతో చిన్నవాళ్ళకి ఇచ్చిన ఆ వెసులుబాటు ముగిసింది. వేలాది చిన్న స్టేషన్లకి వేదికైన లైవ్365 2016 జనవరిలో మూతపడింది. 2017లో కొత్త యాజమాన్యం కింద మళ్ళీ తెరుచుకుంది. 2021కి ఉచిత ప్రసారాల ధర 0.21 సెంట్లు అయింది. మన లెక్క ప్రకారం ఏడాదికి 22,075 డాలర్లు.

ధర ఎక్కువా తక్కువా అన్నదాని మీద వాదనలు ఎన్నయినా ఉండచ్చు. పాటకి పైసా కట్టననేవాళ్ళ పక్షాన నేను లేను. ఎన్నో తెలుగు పాటల సైట్లు ఏళ్ళ తరబడి ఎవరికీ ఏమీ ఇవ్వకుండానే ఎం.పి.3లు పంచిపెట్టాయి, మనమూ దించుకున్నాం. కానీ చట్టం పుట్టిన ఉద్దేశం కొత్త పాటలు పుట్టడం, అవి జనానికి చేరడం అయినప్పుడు, ఎఫ్.ఎం.లో ఎప్పటికీ చోటు దొరకని భాషల పాటలు చేరే ఒకే ఒక్క దారికి అన్నిటికన్నా ఎక్కువ సుంకం వేయడం ఏ ఉద్దేశానికి సరిపోతుందో నాకర్థం కాదు. గాయకులకి న్యాయం జరగాలంటే ఎఫ్.ఎం. వాళ్ళ చేత కూడా కట్టించాలి. ఆ బిల్లు 2021లో ప్రవేశపెట్టారు, ఆ తర్వాతా ప్రవేశపెట్టారు. ఎఫ్.ఎం. యజమానులకి ప్రతి నియోజకవర్గంలోనూ ఒక మైకు ఉంటుందన్న సంగతి ఏ కాంగ్రెస్ సభ్యుడూ మరిచిపోడు.

సరిహద్దులు

పాట ఇంటర్నెట్లో సరిహద్దులు దాటినంత తేలిగ్గా లైసెన్సు దాటదు. అమెరికన్ లైసెన్సు అమెరికాలోని శ్రోతలకే. అందుకే పాండోరా 2007 మేలో బయటి దేశాల శ్రోతలకి తలుపులు మూసేసింది. ఇక్కడ పెట్టిన తెలుగు రేడియోని హైదరాబాద్‌లో అమ్మానాన్నలు వింటుంటే అది భారత చట్టం పరిధి.

అక్కడి కథ మరో దారిలో నడిచింది. 1952లో సమాచార మంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకి తలుపు మూస్తే శ్రోతలు రేడియో సిలోన్‌కి వెళ్ళిపోయారు. 1957లో వివిధ భారతి పెట్టి వాళ్ళని వెనక్కి పిలుచుకోవాల్సి వచ్చింది. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాట మీద హక్కు నిర్మాతదేనంది. దాంతో రాసినవాళ్ళూ వరస కట్టినవాళ్ళూ మొదట ముట్టిన పారితోషికంతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా నిలబడి వాదించాక 2012 సవరణతో రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో వాటా వదులుకోలేని హక్కుగా వచ్చింది. ఎఫ్.ఎం. స్టేషన్లు సంగీత కంపెనీలకి ప్రకటనల నికర రాబడిలో 2 శాతం కట్టాలని 2010లో కాపీరైట్ బోర్డు తేల్చింది. రాబడిలో వాటా కాబట్టి శ్రోతలు పెరిగారని స్టేషను భయపడక్కర్లేకపోయింది. ఇది అమెరికన్ పద్ధతి కన్నా తెలివైనదని నా అభిప్రాయం. 2012 సవరణలోనే ప్రసారాలకి ఒక చట్టబద్ధ లైసెన్సు కూడా పెట్టారు. కానీ అది ఇంటర్నెట్‌కి వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు వింక్ కేసులో చెప్పింది. 2022లో డివిజన్ బెంచి కూడా అదే ఖాయం చేసింది.

గడువుల తేడా చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. "మాయాబజార్" 1957లో వచ్చింది. భారత చట్టంలో సినిమాకీ రికార్డుకీ 60 ఏళ్ళు, కాబట్టి 2017 ఆఖరుతో ఆ రికార్డుల గడువు తీరిపోయింది. అందులో సాహిత్యం 1971లో పోయిన పింగళి నాగేంద్రరావుది, దానికి 2031 దాకా ఉంది. 1974లో పోయిన ఘంటసాల కట్టిన వరసలకి 2034 దాకా. కొన్ని వరసలు సాలూరి రాజేశ్వరరావువి. ఆయన పోయింది 1999లో కనుక అవి 2059 దాకా. అమెరికాలోనో, 1996 నుంచి విదేశీ రికార్డులకి కాపీరైటు తిరిగి వచ్చింది. 95 ఏళ్ళ లెక్కన 1957 రికార్డుకి 2052 దాకా గడువు. గుంటూరులో గడువు తీరిన రికార్డు న్యూజెర్సీలో ఇంకో పాతికేళ్ళకి పైగా బతికే ఉంటుంది.

పేరు ఏ స్పెల్లింగుతో?

ఇక నా వృత్తికి దగ్గరైన సంగతి ఒకటి. ప్రసారకులు వేసిన ప్రతి పాట వివరం సౌండ్‌ఎక్స్‌ఛేంజ్‌కి పంపాలి. పాట పేరు, గాయకుడు, ఆల్బం, కంపెనీ. తెలుగు పాటల డేటాబేసు ఏదైనా తెరిచి చూడండి. గాయకుడి గడిలో ఒకచోట సంగీత దర్శకుడు, ఇంకోచోట హీరో పేరు. ఘంటసాలలో ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా వేస్తారు, హెచ్ ఉండి ఒకసారి, లేకుండా ఒకసారి. బాలుగారి పేరు పూర్తిగా ఒకచోట, మూడు పొడి అక్షరాల్లో మరోచోట. సుశీల అని ఉంటే ఏ సుశీల? యుగళగీతానికి ఒక్క పేరే. ఒకే పల్లవితో మొదలయ్యే రెండు సినిమాల పాటలు. మనిషి వింటే క్షణంలో చెప్పేస్తాడు, కంప్యూటరుకి మాత్రం ఇవన్నీ వేరువేరు మనుషులు.

దీని ఫలితం చిన్నది కాదు. స్టేషను కట్టిన రాయల్టీ, గాయకుడు నమోదు కాకపోయినా, పేరు సరిపోలకపోయినా అక్కడే ఆగిపోతుంది. మూడేళ్ళు ఎవరూ రాకపోతే ఆ సొమ్ముని సంస్థ వదిలించుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. అమెరికన్ పౌరులే అయి ఉండాలని లేదు, చెన్నైలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా గాయనీగాయకులు నమోదు చేసుకోవచ్చు. చనిపోయినవాళ్ళ వారసులూ చేసుకోవచ్చు. మన సంఘాలు ప్రతి రెండేళ్ళకీ సభలకి గాయకులని పిలిచి శాలువాలు కప్పుతున్నాయి. ఆ మూడు రోజుల్లో ఒక బల్ల వేసి, ఒక లాప్‌టాప్ పెట్టి, వచ్చినవాళ్ళ చేత ఆ ఫారం నింపిస్తే గంట పని. రుసుమేమీ లేదు. రికార్డుల మీద తమ పేరు ఎన్ని రకాలుగా పడిందో ఆ జాబితా మాత్రం వాళ్ళనే అడిగి, ఒక్కటీ వదలకుండా రాయించాలి.